అదే నంబరు మీద ఇంకో గొంతు

పళ్లు తోముకుంటూనే ఇంజనీరు నిర్ణయించుకున్నాడు. ఈ ఉదయం తన సొంత రేడియో స్టేషన్ గొంతు నొక్కాలి. ఐదు నిమిషాలు చాలు.

ఎఫ్.ఎం. స్టేషన్లో ట్రాన్స్‌మిటర్ చూసుకోవడం అతని ఉద్యోగం. ప్రాణం మాత్రం దూరపు స్టేషన్ల మీద. మామూలుగా ఎఫ్.ఎం. ఊరి పొలిమేరలు దాటగానే ఆయాసపడుతుంది. ఏ ఏడాదికో ఒకసారి, నేల మీది చల్లగాలిపై వేడిగాలి దుప్పటిలా పరుచుకున్న ఉదయాన, వందల కిలోమీటర్ల అవతలి స్టేషన్ పక్కింట్లో మోగినట్టు మోగుతుంది. అలా చాలా స్టేషన్లు పట్టాడు. ఒక్కటే చిక్కలేదు. అది సరిగ్గా వీళ్ల స్టేషన్ నంబరు మీదే వస్తుంది. వీళ్లది ఆగితేనే అది వినపడుతుంది. అది తన పేరు చెప్పుకోవడం చెవులారా వింటేనే పట్టినట్టు లెక్క. ఈ రోజు గాలి అలాంటి గాలే.

చిక్కల్లా డైరెక్టరుతోనే. ఆయన ఇంజనీరు భార్యకు స్వయానా అన్న. ఉద్యోగం వేయించిందీ ఆయనే. స్టేషన్ మేడ మీద ఇంజనీరు సొంత యాంటెన్నా కట్టినప్పుడే తేల్చి చెప్పాడు.

"ఇంకోసారి నీ పిచ్చి స్టేషన్ దాకా వచ్చిందో, చెల్లెలి మొగుడివని కూడా చూడను. ఇంటికి పంపించేస్తా."

తెల్లవారగానే అనౌన్సర్ స్టూడియో తలుపు బిగించుకున్నాడు. బరువైన గొంతు వల్ల ఆయన్ని అందరూ గంభీరం గారంటారు. ఆ పూట ప్రసంగం 'ఆందోళన లేకుండా బతకడం ఎలా'. లోపల కూర్చున్నాక బయట పిడుగు పడ్డా ఆయనకు తెలియదు. పక్కగదిలో ఇంజనీరు ట్రాన్స్‌మిటర్ ఆపేశాడు. హోరు ఆగింది. చిన్న రేడియో చెవికి ఆనించుకున్నాడు.

ఒక అమ్మాయి నవ్వింది.

రేడియోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఆమె రెండు మాటలు చెప్పి పాట వేసింది. పేరు చెప్పలేదు. మళ్లీ మాట్లాడింది, మళ్లీ పాట. ఐదు నిమిషాలు దాటిపోయాయి. ఇంకొక్క పాట, అనుకున్నాడు. ఆ ఇంకొక్క పాటలు నాలుగయ్యాయి. చివరికి ఆమె "మీరు వింటున్నది..." అంటూ ఉండగా ఫోన్ గణగణలాడింది. భార్య.

"ఏవండీ, అన్నయ్య అక్కడికే వస్తున్నాడు! వదిన ఇప్పుడే చెప్పింది. రేడియో వింటూ వింటూ దిగ్గున లేచాడట. చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాడట. ఏం చేశారు మళ్లీ?"

"నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు!"

"ఏమీ చెయ్యనప్పుడు మీరింత గట్టిగా అరవరు."

ఇంజనీరు మీట నొక్కాడు. ట్రాన్స్‌మిటర్ ఒకసారి మూలిగి ఊరుకుంది. పాత సరుకు. ఆపితే ఆగుతుంది కానీ, వెంటనే లెమ్మంటే మొరాయిస్తుంది. మళ్లీ నొక్కాడు. ఈసారి మూలగనూ లేదు. కారు మలుపు తిరుగుతున్నట్టు, మెట్లెక్కుతున్నట్టు, తలుపు తోస్తున్నట్టు కళ్లకు కడుతోంది.

ఒకటే దారి. ట్రాన్స్‌మిటర్ దానంతటదే చెడిపోవాలి. చెడిపోయినట్టు కనపడాలి. మూలనున్న పాత వైరు ముక్క తెచ్చి, ట్రాన్స్‌మిటర్ వెనక పెట్టి అగ్గిపుల్ల గీశాడు. కాస్త కమురు వాసన చాలనుకున్నాడు. గది నిండా నల్లటి పొగ లేచింది.

వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు. "భయపడకండి సార్! ఫైరింజన్‌కి ఫోన్ కొట్టేశా!"

"ఎవరు కొట్టమన్నారు బాబాయ్?"

"పొగ చూశాక కూడా ఒకరు చెప్పాలా సార్?"

ఫైరింజన్ ఉండేది పక్క వీధిలోనే. గంట కొట్టుకుంటూ వచ్చేసింది. హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు లోపలికి దూసుకొచ్చారు. వాళ్ల నాయకుడు నీళ్ల గొట్టాన్ని ట్రాన్స్‌మిటర్‌కు గురిపెట్టాడు. ఇంజనీరు చేతులు బార్లా చాపి అడ్డం నిలబడ్డాడు.

"నీళ్లు కొట్టకండి! ఇది పోతే నేనూ పోయినట్టే!"

"మంటేదీ మరి? వైరు ముక్కా?" ఆయన బూటుతో తొక్కి ఆర్పేశాడు. "మీ స్టేషన్‌కేం కాలేదులెండి. బండిలో మీదే వింటూ వచ్చాం. ఎవరండీ ఆ అమ్మాయి? భలే మాట్లాడుతోంది."

ఇంజనీరు ట్రాన్స్‌మిటర్ వైపు తిరిగి చూశాడు. చచ్చి పడున్న ట్రాన్స్‌మిటర్‌లోంచి అమ్మాయి మాట్లాడటమా? మరుక్షణం అర్థమైంది. తన చిన్న రేడియోలో పడ్డ స్టేషన్ ఊళ్లో ప్రతి రేడియోలోనూ పడింది. నంబరు అదే కదా! నిశ్శబ్దం ఎవరూ వినలేదు.

"ఎక్కడుంది?"

గుమ్మంలో డైరెక్టరు. ఉత్తకాళ్లు.

"బా... బావగారూ..."

"ఆ అమ్మాయి ఎక్కడుందయ్యా? ఇన్నేళ్లలో మన స్టేషన్ ఇంతసేపు కట్టెయ్యకుండా వినడం ఇవాళే! ఇలాంటి గొంతును తెచ్చి నాకో మాటైనా చెప్పవా? ఇంకెవరో ఎగరేసుకుపోతారని ఉన్నపళాన పరిగెత్తుకొచ్చా!"

స్టూడియో తలుపు తెరుచుకుంది. గంభీరం గారు ప్రశాంతంగా బయటికొచ్చారు. "ఎలా ఉంది సార్ నా ప్రసంగం?"

డైరెక్టరు ఆయన్ను చూశాడు. ఇంజనీరును చూశాడు. "ఈయన ఇవాళ సెలవు కదూ?"

ఇక అబద్ధం దొరకలేదు. ఇంజనీరు కళ్లు మూసుకుని నిజం చెప్పేశాడు. "ఆ అమ్మాయి మన ఊళ్లో లేదు బావగారూ. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలుంది. గాలివాటున వచ్చింది."

డైరెక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఎంత దూరమైతేనేం? బస్సు ఛార్జీ మనమే ఇద్దాం. గంభీరం గారూ, రేపు మీరు విశ్రాంతి తీసుకోండి. బావా, రేపు పొద్దున ఇదే టైముకి ఆ గొంతు నాకు వినపడాలి. అది రాకపోతే నువ్వూ రావద్దు."

కిటికీలోంచి ఎండ గది మధ్యకొచ్చింది. గాలి మారిపోయింది. చేతిలోని చిన్న రేడియో బుస్సుమంటోంది.

ఆ విధంగా ఇంజనీరు ఉద్యోగం మర్నాటి ఉదయం దాకా పదిలంగా ఉంది.