చేతుల్లేని కుర్చీకి జై!

గోదావరిఖనికి అర్జెంటుగా కావలసింది కొత్త రైలు కాదు, కొత్త దవాఖానా కాదు. డెన్మార్క్ కుర్చీ! నవ్వకండి. ముప్పై ఏళ్లు గనిలో గొంతుక్కూర్చుని బొగ్గు నింపినవాణ్ని. కూర్చోవడం గురించి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా కోడలు సహస్ర ఇంటీరియర్ డిజైనింగ్ చదివింది. పోయిన నెల మా పాత చేతుల కుర్చీలను పాత సామాన్ల బండికెత్తించి, నాలుగు కొత్త డైనింగ్ కుర్చీలు దించింది. డెన్మార్క్‌లో డెబ్బై ఏళ్ల కిందట చేసిన డిజైనట. పలుచని చెక్కను అచ్చులో పెట్టి వంచారట. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, చేతులు మాత్రం లేవు. "అవసరం లేనివన్నీ తీసెయ్యడమే దీని అందం మామయ్యా" అంది. ఎంత గొప్ప మాట!

లాభాలు చెబుతాను వినండి. సీటు నున్నగా ఉంటుంది కాబట్టి మనిషి మెల్లగా ముందుకు జారుతుంటాడు. జారేవాడు మారు అన్నం అడుగుతాడా? నా షుగరు తగ్గింది! పేపరు చదువుతూ కునుకు పట్టిందో, నేలమీదే మెలకువ వస్తుంది. లేతరంగు చెక్క కదా, బొగ్గుదుమ్ము పడగానే కనిపిస్తుంది. తుడవడానికి ఇంటిల్లిపాదికీ పని దొరికింది. ఈ రోజుల్లో పని దొరకడమంటే మాటలా? యూనియన్ మీటింగుల్లో కూడా ఇవే వేయాలని నా డిమాండ్. ప్రతి ఉపన్యాసమూ పావుగంటలో ముగుస్తుంది!

అన్నిటికంటే పెద్ద లాభం, అతిథుల బెడద తీరడం.

మా పక్క లైనులో రాయమల్లు ఉంటాడు. గనిలో నా జోడీ. ఇద్దరి మోకాళ్లూ ఒకేసారి రిటైరయ్యాయి. లోపల మాకొక పద్ధతి ఉండేది: షిఫ్టు అయిపోగానే ముందు లేచినవాడు రెండోవాడికి చెయ్యివ్వాలి. రిటైరయ్యాక రోజూ సాయంత్రం మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాడు.

కొత్త కుర్చీ చూసి, "ఏంది బావా, దీని చేతులు ఎవలు కోసుకపోయిన్రు?" అంటూ కూర్చున్నాడు. చాయ్ తాగి లేవబోయాడు. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆయన ముందుకు వంగగానే కుర్చీ వెనక్కి ఒరిగింది. నావైపు చెయ్యి చాపాడు. నేనూ చటుక్కున చెయ్యి చాపి కుర్చీని పట్టుకున్నాను! దానిమీద ఒక్క గీత పడలేదు. రాయమల్లు మాత్రం టైల్స్ మీద పడ్డాడు. సహస్ర పరుగెత్తుకొచ్చి లేపింది.

ఆ రోజు నుంచి ఆయన రావడం లేదు. చూశారా సౌకర్యం! సాయంత్రాలు ఎంత ప్రశాంతమో! గోడ గడియారం తప్ప నాతో మాట్లాడేవాళ్లే లేరు.

నిన్న మా ఆవిడ రమ, సహస్ర పెద్దపల్లిలో పెళ్లికి వెళ్లారు. నేను ఆ కుర్చీలోనే కూర్చుని ఈ వ్యాసం ఇంతవరకు రాశాను. రోజూ రమ చెయ్యిస్తేనే లేస్తానన్న సంగతి మీకు చెప్పలేదు కదూ? అర్జెంటుగా లేవాల్సొచ్చింది. షుగరు మనిషిని, అర్థం చేసుకోండి. ఎంత తంటాలు పడ్డా లేవలేకపోయాను. ఫోన్ చేయడానికి ఒక్క పేరే గుర్తొచ్చింది.

రాయమల్లు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గడప దగ్గరే ఆగి నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు.

"ముందుగాల ఎవల్ని పట్టుకోవాలె బావా? నిన్నా, కుర్చీనా?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "అది పడితే పడనియ్యి. నాకు చెయ్యియ్యి."

ఇచ్చాడు. లేచాను. వెనకాల కుర్చీ పడిన చప్పుడైంది. ఇద్దరిలో ఎవరమూ అటు చూడలేదు.