పై ఇంటి సీడీ ప్లేయరు, కింది ఇంటి బూజుకర్ర

మనిషి కనిపెట్టిన యంత్రాలన్నిటిలోకీ పుణ్యాత్మురాలు చేతిలో పట్టుకునే సీడీ ప్లేయరు! కాదనేవాళ్ళుంటే ముందుకు రండి. వాషింగ్ మెషీన్ బట్టలుతుకుతుంది, ఒప్పుకుంటాం. మిక్సీ పప్పు రుబ్బుతుంది, దానికీ ఒక దండం. కానీ కొన్నవాడికన్నా పక్కింటివాడిని ఎక్కువ సుఖపెట్టే యంత్రం ఇంకొకటి చూపించగలరా? ఫ్రిజ్ ఎవరు కొంటే చల్లనీళ్ళు వాళ్ళకే. సీడీ ప్లేయరు అలా కాదు. కొన్నవాడు తన చెవులు మూసుకుంటాడు, చుట్టుపక్కలవాళ్ళు తమ చెవులు హాయిగా తెరుచుకుంటారు. ఇంతకు మించిన పరోపకారం ఉంటుందా?

నమ్మకం కుదరకపోతే ఉక్కునగరం వెళ్ళి శ్రీరామ్మూర్తిని అడగండి. అడిగితే కొట్టడానికి రావచ్చు. అయినా సరే, అడగండి.

శ్రీరామ్మూర్తిది గుడివాడ దగ్గర ఊరు. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. లాడిల్ అని ఒకటుంటుంది, పెళ్ళివారి గంగాళానికి ముత్తాత లాంటిది. దాని నిండా కరిగిన ఉక్కు సలసలా కాగుతుంటే, దాన్ని గాల్లో వేలాడదీసి ఇటునుంచి అటు తీసుకెళ్ళడం ఆయన పని. పైన కూర్చున్నవాడు కునుకు తీయడానికి వీల్లేని ఉద్యోగం. అందుకని ఆయన దేవుణ్ణి మేడలడగలేదు, మిద్దెలడగలేదు. రాత్రి సి షిఫ్టు ముగించుకుని పొద్దున్నే ఇంటికొచ్చాక నిద్ర పట్టాలి, అంతే.

అదొక్కటే దక్కేది కాదు. కిటికీకి దుప్పటి కట్టి, దిండులో తల దూర్చేసరికి, సరిగ్గా నెత్తిమీద, పై క్వార్టర్లో, కామరాజు టేప్ రికార్డరు అందుకునేది.

కామరాజుది రావులపాలెం వైపు. ప్లాంటు స్టోర్స్‌లో జనరల్ షిఫ్టు ఉద్యోగం. పాట లేనిదే పళ్ళపొడి కూడా నోట్లో వేసుకోని మనిషి. పళ్ళు తోముకోవడానికి దేవుడి పాటలు, గడ్డం గీసుకోవడానికి పాత సినిమా పాటలు, ఇడ్లీలోకి నాటకం పద్యాలు. పద్యం చివర రాగం ఎత్తుకున్నాక కింద శ్రీరామ్మూర్తి ఊపిరి బిగబట్టుకునేవాడు, ఇప్పుడైనా దించుతాడేమోనని. దించేవాడు కాదు. ఊపిరి తిరగక శ్రీరామ్మూర్తే దించుకునేవాడు.

సినిమా పాటల క్యాసెట్లో ఒకచోట టేపు నలిగింది. రెండో చరణం మధ్యలో గాయకుడు హఠాత్తుగా కడుపునొప్పి వచ్చినట్టు మూలిగి, మళ్ళీ సర్దుకునేవాడు. ఆ మూలుగుతో శ్రీరామ్మూర్తికి ఒళ్ళు మండేది. లేచి బూజుకర్ర తీసి సీలింగ్ మీద రెండు దెబ్బలు వేసేవాడు. పైన సౌండ్ తగ్గేది. రెండ్రోజులు పోయాక మళ్ళీ ఎక్కడిదక్కడికి వచ్చేది. మళ్ళీ బూజుకర్ర, మళ్ళీ రెండు దెబ్బలు.

చిత్రమేమిటంటే ఇన్నేళ్ళలోనూ దీని గురించి వాళ్ళిద్దరూ నోరు విప్పి ఒక్కమాట అనుకోలేదు! మెట్ల మీద ఎదురైతే నీళ్ళు రాలేదనీ, ఉక్కపోత ఎక్కువైందనీ పెద్దమనుషుల్లా మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. పోట్లాట సంగతంతా బూజుకర్రే చూసుకునేది.

ఇంతలో కామరాజు బావమరిది మోహనకృష్ణ ఓడ దిగాడు. ఓడలో ఇంజనీరు. సింగపూర్ నుంచి బావగారికి బహుమతిగా సీడీ ప్లేయరు తెచ్చాడు. గుండ్రంగా, వెండిరంగులో, అట్లపెనం అంత ఉంది. దానికి చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్స్. డిజిటలు! కామరాజు ఆ రోజే టేప్ రికార్డర్ని పాత చీరలో చుట్టి అటకెక్కించేశాడు.

మర్నాడు పొద్దున్న శ్రీరామ్మూర్తి షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నాడు. పైన చప్పుడు లేదు. కాసేపటికీ లేదు. సంగతేమిటో భార్య కనకరత్నం మెట్ల దగ్గర కనుక్కుని వచ్చి చెబితే, ఆయన మంచం మీదే లేచి కూర్చుని సింహాచలం వైపు తిరిగి దండం పెట్టాడు. అప్పన్నస్వామి మొర ఆలకించాడు! సెలవు రోజున కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చి, బూజుకర్రను పెరట్లో పారేశాడు.

ఇక ఆ యంత్రం చేసిన మేలు చూడండి.

మొదటి మేలు కామరాజుకే జరిగింది. కుదుపులు తట్టుకుంటుందని అట్టపెట్టె మీద రాసుందిగానీ, కాస్త కదిలితే చాలు, పాట గెంతేది. చరణంలో ఉన్నవాడు పల్లవిలో పడేవాడు. దాంతో, ఒకప్పుడు మెట్లు దడదడా దిగే మనిషి, నిండు పాలగిన్నె మోస్తున్నవాడిలా అడుగులో అడుగు వేయడం నేర్చుకున్నాడు. నడుస్తూ వినడానికి చేసిన యంత్రం ఆయన్ని మంచం మీద కదలకుండా కూర్చోబెట్టింది. యోగా క్లాసుకు వెళ్ళినా ఇంత స్థిరత్వం వస్తుందా?

రెండో మేలు కనకరత్నానికి. ఆవిడ వంటకు గడియారం ఉండేది కాదు. దేవుడి పాటలు అయ్యేసరికి పాలు, సినిమా పాటల క్యాసెట్ మొదటివైపు అయ్యేసరికి కుక్కరు, పద్యాలకు పోపు. పాట ఆగిపోయాక ఒకరోజు పప్పు మాడింది, ఇంకొకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఆవిడకిప్పుడు గడియారం చూడటం వచ్చేసింది. ఇది స్త్రీ విద్య కాదా?

మూడో మేలు సీతాలుకి. గంగవరం నుంచి తట్టలో చేపలు తెస్తుంది. ఒకరోజు అలవాటైన వేళ దాటిపోయాక, చెమటలు కక్కుతూ గుమ్మంలో తట్ట దించింది.

"ఏటమ్మా, పైన బాబుగోరు ఊర్లో నేరేటి?" అంది.

"ఉన్నారే. ఏం?"

"పాట ఇనపడక నాను రెండు బ్లాకులు దాటెల్లిపోనాను. ఈ కోటర్లన్నీ ఒక్కనాగే ఉంటాయి. పాటని బట్టి వొచ్చీదాన్ని!"

ఎండలో ఊరికే అన్ని బ్లాకులు తిరిగింది కాబట్టి సీతాలుకి వ్యాయామం దక్కింది. తట్టలో చేపలకి ఏం దక్కిందో కనకరత్నం వాటిని తరిగేటప్పుడు ముక్కు మూసుకోవడాన్ని బట్టి తెలిసింది.

అందరికన్నా పెద్ద మేలు శ్రీరామ్మూర్తికి జరగాలి కదా. జరిగింది.

పాట ఆగిందని మనవి చేశాం. కామరాజు ఆగాడని అనలేదు! హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాడికి తన గొంతు తనకు వినపడదు. ఆయన సీడీతోపాటు తనూ పాడటం మొదలెట్టాడు. సంగీతం ఆయన చెవుల్లోకి, ఆయన గొంతు శ్రీరామ్మూర్తి చెవుల్లోకి. అదీ పాటంతా కాదు. నచ్చినచోట ఒక "ఓ...", గుర్తున్నచోట ఒక ముక్క, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, హఠాత్తుగా "ఆఁ... ఆఁ..."

ఇది ఏ పాట? శ్రీరామ్మూర్తి దిండు మీద నుంచి తలెత్తేవాడు. ఆ "ఆఁ" ఏ పాటలోది? పద్యమా, పాటా? తేలేదాకా నిద్ర ఎలా పడుతుంది? తేలేసరికి పైన ఇంకో "ఓ..."

కామరాజు డ్యూటీకి వెళ్ళిపోయాక ఇల్లు నిజంగానే నిశ్శబ్దమయ్యేది. అప్పుడు ఫ్యాన్ టకటకలాడేది, కుళాయి బొట్టుబొట్టుగా కారేది. ఇన్నేళ్ళుగా ఇంట్లో ఇన్ని చప్పుళ్ళున్నాయని ఆయనకు తెలియదు. పాట వాటన్నిటినీ కప్పి ఉంచేది. పాటను తిట్టుకుంటూ తిట్టుకుంటూ, ఆ తిట్టులోనే ఎక్కడో నిద్రలోకి జారిపోయేవాడన్నమాట. ఇప్పుడు తిట్టుకోవడానికి ఏమీ లేక, కళ్ళు తెరుచుకుని పడుకుంటున్నాడు.

అలా ఒక వారం గడిచాక, షిఫ్టులో క్రేన్ మీద కూర్చున్నవాడు ఒక్కసారి తూలాడు. ఆ పూట కొక్కేనికి ఉన్నది ఖాళీ లాడిల్ కాబట్టి సరిపోయింది. అది ఆగాల్సినచోట ఆగకుండా ఊగుతూ ముందుకెళ్ళింది. కింద నిలబడి చేత్తో సైగలిచ్చే కన్నబాబు ఒక్క గెంతులో స్తంభం వెనక్కి చేరి అరిచాడు.

"ఏటి బావా, జోగుతన్నావేటి? ఉడుకుడుకు ఉక్కు నా నెత్తిమీదెట్టుకుని నువ్వు కునికితే నాను ఆవిరైపోతాను!"

షిఫ్టు ఇన్‌చార్జి కేకలు వేయలేదు. "నిద్ర సరిపడేదాకా క్రేన్ ఎక్కకండి మూర్తిగారూ, కింద ఉండండి" అన్నాడంతే. కేకలు వేసినా బాగుండేది. కొత్తలో తనే పని నేర్పిన కుర్రవాడు ఎక్కి తన సీట్లో కూర్చుంటే, శ్రీరామ్మూర్తి కింద నిలబడి మెడ ఎత్తి చూశాడు. ఆయనకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక కనకరత్నం సంగతి విని అంది, "వెళ్ళి ఆ టేపు మళ్ళీ పెట్టమని అడగండి."

"నేనా? ఇన్నేళ్ళూ ఆపమని కొట్టి, ఇప్పుడు పెట్టమని అడగనా? పరువేం కావాలి?"

"క్రేన్ దిగితే పోని పరువు, మేడెక్కితే పోతుందా?"

ఆయన పెరట్లోకి వెళ్ళాడు. అక్కడ బూజుకర్ర కనపడింది. తీసుకొచ్చాడు. పైన కామరాజు "ఓ..." అనగానే సీలింగ్ మీద రెండు దెబ్బలు వేశాడు. కదిలితే పాట గెంతుతుందని ఊరందరికీ తెలుసు కదా! నాలుగుసార్లు గెంతితే విసుగెత్తి కామరాజే దాన్ని పక్కన పెడతాడు, టేపు అటక దిగుతుంది, తన నోటితో అడగక్కర్లేదు. ఇదీ పథకం.

పాట గెంతింది. కామరాజు "ఛ" అన్నాడు. ప్లేయర్ని దిండు మీద పెట్టాడు. కింద మళ్ళీ దెబ్బలు. దిండు మీద దిండు వేశాడు. దెబ్బలు గట్టిపడ్డాయి. చివరికి దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా కూడా గెంతేసరికి, కామరాజు హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతుండగానే మెట్లు దిగి వచ్చాడు. దడదడా దిగాడు, ఎన్నాళ్ళకో!

"ఏవండోయ్ మూర్తిగారూ! చెవుల్లో పెట్టుకుని నా పాటేదో నేను వింటున్నానండి. ఇది కూడా మీకు చప్పుడేనాండి?"

శ్రీరామ్మూర్తి చేతిలో బూజుకర్ర అలాగే ఉంది. దాచడానికి చోటులేదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. గొంతు సవరించుకుని, క్రేన్ అంత ఎత్తు అబద్ధం ఆడాడు.

"చప్పుడేనండీ! ఆ సీడీ గిర్రున తిరుగుతుంటే, సీలింగ్‌లో తుమ్మెద దూరినట్టు జుయ్యిమంటోంది. నిద్ర లేదనుకోండి. దీనికన్నా ఆ పాత టేపే నయం!"

కామరాజు ఆయన మొహంలోకీ, కర్రలోకీ మార్చిమార్చి చూశాడు. కోపం తెచ్చుకోవాలి. కానీ మొహం విప్పారింది.

"నిజమేనాండి? నయమంటారా?" అన్నాడు. గుమ్మంలో చతికిలబడి, మెడలోని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు. "మీ దగ్గర దాపరికమేముందండి. దీంతో నాకు చెవులు ఉడికిపోతన్నాయండి. పైగా ఆ రెండో చరణంలో, టేపు నలిగినచోట, మూలుగొచ్చేది చూడండి, సీడీలో అది లేదండి! నున్నగా ఎల్లిపోతంది. అక్కడికొచ్చేసరికి నేనే ఆగిపోతన్నానండి. ఉప్పులేని కూర తిన్నట్టుందండి. బావమరిది తెచ్చాడు, బాగోలేదంటే ఏమనుకుంటాడోనని..."

"మీరు బాధపడకండి. నా వల్ల మానేశానని చెప్పండి" అన్నాడు శ్రీరామ్మూర్తి, త్యాగమూర్తిలా. "కింది ఇంటాయన పెట్టనివ్వడం లేదని చెప్పండి."

"ఎంత మంచివారండి!" అన్నాడు కామరాజు.

ఆ రకంగా ఒక సీడీ ప్లేయరు ఒకే మెట్ల మీద తిరిగే ఇద్దరు మనుషుల చేత పాట గురించి మొట్టమొదటిసారి నోరు విప్పి మాట్లాడించింది. మేం మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా! సీడీ ప్లేయరు ప్రతి ఇంట్లోనూ ఉండి తీరాలి. పాడకుండా, బీరువాలో, పట్టుచీరల అడుగున.

మర్నాడు పొద్దున్న శ్రీరామ్మూర్తి కిటికీకి దుప్పటి కట్టి పడుకున్నాడు. నెత్తిమీద టేప్ రికార్డరు గొంతు సవరించుకుంది. దేవుడి పాటలయ్యాయి. కనకరత్నం పాలు దించింది. సినిమా పాటలు మొదలయ్యాయి. వీధి చివర నుంచి "సేపలో..." అని సీతాలు కేక తిన్నగా ఈ బ్లాకుకే వచ్చింది.

ఏమీ అనకపోతే ఏం బాగుంటుంది? తన మర్యాద తను నిలుపుకోవాలి. శ్రీరామ్మూర్తి మంచం పక్కనున్న బూజుకర్ర తీసి, అలవాటు ప్రకారం, సీలింగ్ మీద రెండు దెబ్బలు వేశాడు.

పైన సౌండ్ తగ్గింది.

శ్రీరామ్మూర్తి కళ్ళు తెరిచాడు. ఫ్యాన్ టకటకమంటోంది. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. కర్ర మళ్ళీ అందుకుని, ఇంకా గట్టిగా, మరో రెండు వేశాడు.

"తగ్గించాను కదండీ మూర్తిగారూ!" పై బాల్కనీలో నుంచి కామరాజు కేక వేశాడు.

"తగ్గించమని ఎవరన్నారండీ!"

మాట నోరు దాటిపోయింది. వంటింట్లో కనకరత్నం చేతిలో గరిటె ఆగింది, ఆ వెంటనే ఆవిడ నవ్వు వినపడింది. పైన పాట పెరిగింది, ముందున్నదానికన్నా ఇంకాస్త ఎక్కువగానే. రెండో చరణంలో, టేపు నలిగినచోట, గాయకుడు ఎప్పటిలా మూలిగాడు. ఆ మూలుగును తిట్టుకోవడానికి శ్రీరామ్మూర్తి మెలకువగా లేడు.