నాన్నకు చెప్పకండి

ఆ ఉదయం చిన్నమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున క్లినిక్కుకు వెళ్ళి, రక్తం ఇచ్చి, బీపీ చూపించుకుని, ఏమీ ఎరగనట్టు కళ్ళజోళ్ళ షాపులో పనికి వెళ్ళిపోవడం. నాన్నకు ఎప్పటినుంచో బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. మొన్నీమధ్య అన్నయ్యకూ ముప్ఫై రెండేళ్ళకే బయటపడితే, "తోబుట్టువులు కూడా చూపించుకోవాలి" అన్నారు డాక్టరు. ఆ మాట అప్పట్నుంచి ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కబురైనా ముందు బీపీ లేని మనిషికే చెప్పాలి. నాన్నకు చివర్న, వడగట్టి, అది కూడా భోజనమయ్యాకే. అమ్మ అయినదానికీ కానిదానికీ బెంబేలెత్తే మనిషి. అన్నయ్య కూడా బీపీ పక్షంలో చేరాక, ఇరవై ఎనిమిదేళ్ళకే ఇంటిల్లిపాది కబుర్లకూ ఆమే దిక్కయింది. ఇప్పుడు తనకే బీపీ ఉందేమోనన్న భయం ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

"కాఫీ వద్దమ్మా," అంది చెప్పులేసుకుంటూ.

"టిఫినో?"

"అదీ వద్దు. నాన్నకు చెప్పకు."

కాఫీ పడందే కళ్ళు తెరవని పిల్ల. అమ్మ వీధి మలుపుదాకా కూతుర్ని కళ్ళతోనే సాగనంపి, కొడుక్కి ఫోన్ చేసింది.

"ఒరే, చెల్లి తిండీ నీళ్ళూ మానేసిందిరా. షాపువైపు కూడా వెళ్ళలేదు. మనసులో ఏం పెట్టుకుందో ఏమో. నాన్నకు మాత్రం చెప్పకు."

అన్నయ్య షాపుకు ఫోన్ చేశాడు. "వెనకవీధి క్లినిక్కుకెళ్ళి ఆలస్యంగా వస్తానందండీ," అన్నాడు యజమాని. అన్నయ్య వెంటనే అమ్మకు చెప్పాడు. "చెల్లి వెనకవీధి క్లినిక్కులో ఉందట. నువ్వు కంగారుపడకుండా మెల్లగా రా."

కంగారుపడకు అన్నాక ఇంకేముంది, అమ్మ కాలికొక రకం చెప్పు తొడుక్కుని బయల్దేరింది. పక్కింటావిడకు తాళమిస్తూ, "చిన్నదాన్ని ఆస్పత్రిలో చేర్చారు. ఆయన నడక నుంచి వచ్చాక చెప్పకండి," అంది.

క్లినిక్కులో చిన్నమ్మాయి రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ముందు అన్నయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఏమైందే నీకు?"

"ఏం కాలేదన్నయ్యా. రక్తం ఇచ్చానంతే."

"తిండి తినకుండా రక్తం ఎవరికిచ్చావే?" అంది వెనకే వచ్చిన అమ్మ.

కాసేపటికి నాన్న తాపీగా లోపలికొచ్చాడు. అమ్మ మొహం పాలిపోయింది. "మీకెవరు చెప్పారు?"

"పక్కింటావిడ. 'మీకు చెప్పొద్దన్నారు' అని మొదలుపెట్టి అంతా చెప్పింది."

డాక్టరమ్మ రిపోర్టు పట్టుకొచ్చి, గుమిగూడిన సంసారాన్ని చూసి, "వచ్చారుగా, వరసగా చేతులు చాపండి," అంది. మాత్ర మరిచి వచ్చిన అన్నయ్యకు బీపీ ఎక్కువ. అమ్మకు కాస్త ఎక్కువ. చిన్నమ్మాయికీ ఎక్కువే. నాన్నది మాత్రం నిక్షేపంగా ఉంది.

"అయితే నాకూ వచ్చేసిందా మేడమ్?" చిన్నమ్మాయి కుర్చీలోంచి లేచింది.

"బీపీ ఒక్కసారి చూసి తేల్చం. వారంపాటు ఇంట్లో చూసుకుని రా. కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుంది. ఉప్పూ నూనే తగ్గించు, రోజూ నడువు. ఈ వయసులోనే తెలిసింది, అదృష్టం. మీ నాన్నగారిని చూడు, ఇన్నేళ్ళుగా ఎలా అదుపులో పెట్టుకున్నారో." ఆమె నాన్నవైపు తిరిగింది. "ఎలాగండీ?"

"మాత్ర తప్పను, నడక తప్పను. పైగా మా ఇంట్లో నాకెవరూ ఏమీ చెప్పరు."

పొద్దుట్నుంచి బిగబట్టిన చిన్నమ్మాయి పకపకా నవ్వేసింది. "రేపట్నుంచి నేనూ వస్తా నాన్నా నడకకి," అంది.

"రా తల్లీ. నేను కూడా వీళ్ళకేమీ చెప్పను. కంగారుపడతారని."

అమ్మ చటుక్కున తలెత్తింది. "ఏం చెప్పలేదు?"

"పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చావు. నేనెళ్ళి కట్టేశాలే. గిన్నె పోయింది. గోడ కూడా కాస్త నల్లబడింది."

"కాస్తంటే?"

డాక్టరమ్మ అమ్మ చేతికి బీపీ పట్టీ మళ్ళీ చుట్టింది.