బిక్షపతి వేలు

సూరత్‌లో పెద్దమనిషి కాదలచిన ప్రతి తెలుగువాడికీ ఇకపై పేద బాల్యం తప్పనిసరి అని తెలుగు సంఘం వారి సన్మానాల ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆత్మకథ అచ్చువేసి తెస్తేనే శాలువా. (పుట్టుకతోనే కలిగినవారు పేదరికం సమకూర్చుకోవడానికి దీపావళి దాకా గడువిచ్చారు.)

ఈ తీర్మానంతో బాగుపడినవాడు లక్ష్మీరాజం. నవాగామ్‌లో ఉంటూ 'సూరత్ సంచలనం' అనే వారపత్రిక నడిపేవాడు. ఏ మగ్గాల సేటు ఎవరితో మందు దొరికే దమన్ వెళ్లాడో, ఏ రీల్స్ సుందరి ఎవరితో మాట్లాడటం మానేసిందో, అంతా 'విశ్వసనీయ వర్గాల' పేరిట రాసేవాడు. (ఆ వర్గాలు డిండోలి చాయ్ బండి దగ్గర నిలబడి ఉంటాయి.) ఇప్పుడు ఆ పరువు పోయినవాళ్లే వచ్చి ఆత్మకథలు రాసిపెట్టమన్నారు. పేరు వాళ్లది, రాత ఇతనిది.

చిక్కేమిటంటే, వాళ్లలో ఎవరికీ చెప్పుకోదగ్గ కష్టమే లేదు. లక్ష్మీరాజం దగ్గర మాత్రం దండిగా ఉంది. ఒకే చీర డిజైన్‌ను అంచు మార్చి పది పేర్లతో అమ్మడం ఈ ఊళ్లో తప్పేమీ కాదు. వానకు కారిన తన చిన్ననాటి రేకుల గదిని రీల్స్ సుందరి ఆత్మకథకిచ్చాడు. కండెలు చుట్టి చుట్టి కాయలు కాచిన తల్లి వజ్రమ్మ చేతుల్ని ఒక బిల్డరుకిచ్చాడు. చివరికి మిగిలింది, చనిపోయిన తండ్రి బిక్షపతి వేలు.

సూరత్ శివారు జోల్వాలో మరమగ్గంలో పడి వేలు తెగిన రోజున బిక్షపతి కట్టు కట్టిన చేతిని వెనక దాచుకుని, రెండో చేత్తో కొడుక్కి జిలేబీ తెచ్చాడు. దాన్ని మగ్గాల యజమాని శ్యాంసుందర్ సేటు తన తండ్రి కథగా తీసుకున్నాడు. (ఆ మగ్గం సేటు తండ్రిదే. ఒకరకంగా వేలు సొంతింటికి చేరినట్టే.)

సన్మాన సభలో ఆ పుట చదువుతూ శ్యాంసుందర్ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. హాలంతా ముక్కులు చీదింది. కొడుకు పక్కన కూర్చున్న వజ్రమ్మ మాత్రం ఏడవలేదు. ఇంటికొచ్చాక అడిగింది.

"గా వేలు మీ నాయినది గాదా బిడ్డా?"

"నాయినదే అమ్మా. గిది ధంధా. ఇందుల గిట్లనే ఉంటది."

"ఉండనీ. కాలం జేసిన కార్మికుల ఫోటోలకు గూడ సంఘంల శాలువ గప్పుతరంట గదా. మీ నాయిన పేరు ఒక్కసారి మైకుల సదివియ్యి. గంతే, నాకింకేం వద్దు."

లక్ష్మీరాజం మొదటిసారి తన పేరుతో, తండ్రి వేలి కథను ఉన్నది ఉన్నట్టు రాశాడు. అలవాటు లేని పని కాబట్టి రెండు రాత్రులు పట్టింది. తీసుకెళ్లి సంఘంలో బాల్యాల పరిశీలనాధికారి అయిన బ్రహ్మచారి చేతిలో పెట్టాడు. ఆయన చదివి, కళ్లు తుడుచుకుని, కాగితాలు తిరిగి ఇచ్చేశాడు.

"మస్తు రాసినవ్ రాజం. కానీ ఇది శ్యాంసుందర్ సేటు పుస్తకంల ఉన్నదే గదా. కాపీని సంఘం ఒప్పుకోదు."

"గది రాసింది నేనే సార్! గా వేలు మా నాయినది!"

"సాక్ష్యం ఎవరు?"

"మా అమ్మ."

"సేటుకు హాలు మొత్తం సాక్ష్యం."

బ్రహ్మచారి దయలేనివాడేమీ కాదు. లేచి వచ్చి లక్ష్మీరాజం భుజం తట్టి, నిబంధనలకు లోబడి చేయగలిగిన సాయం చేశాడు.

"శుక్రారం దాంక గడువున్నది. మీ నాయినకు ఇంకో వేలేదన్న తెగి ఉంటే, జర రాసుకరా."