తగిలించినవారే తీయాలి

ఆ రోజు టైలరమ్మ పెట్టుకున్న ముఖ్యమైన పని ఒక్కటే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోవాలి. పొద్దున్నే కుట్టుమిషను ముందు కూర్చుని, మొదటి మాస్కుకు నాడా కుడుతూనే ఈ నిర్ణయం చేసుకుంది. ముందురోజు సాయంత్రం కునుకు ఆపుకోలేక సూదిని గుడ్డలోకి బదులు చూపుడువేలిలోకి దించింది. ఆసుపత్రికి ఇవ్వాల్సిన రెండువందల మాస్కుల్లో ఇంకా ఎనభై మిగిలాయి. ఊరంతా మహమ్మారి. ఇలాంటప్పుడు నిద్రలేని ఒంటితో తిరగడమంటే జబ్బును పిలిచి పీట వేయడమేనని ఆమెకు ఏ డాక్టరూ చెప్పనక్కరలేదు.

అయితే ఆ ఇంట్లో నిద్రపోవడం అంత తేలిక కాదు. ఆమె భర్త ఓ యంత్రాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజరు. ఫ్యాక్టరీ మూతపడి నలభై రోజులైంది. మనిషి ఇంటికి వచ్చాడు గానీ షిఫ్టు దిగలేదు. హాలు గోడకు ఓ పెద్ద చార్టు అంటించి, పైన "రోగనిరోధక శక్తి, ఒత్తిడి నియంత్రణ" అని రాశాడు. ఐదున్నరకు శ్వాస వ్యాయామం. ఆరింటికి నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు. ఏడింటికి బాల్కనీలో ఎండ, వీపుకి పది నిమిషాలు, మొహానికి పది నిమిషాలు. పదకొండింటికి ఆవిరి. రెండున్నరకు నవ్వు, అదీ పావుగంట, పొట్ట కదిలేలా. ప్రతిదానికీ ఈల వేసేవాడు, రిజిస్టరులో సంతకం పెట్టించేవాడు. ఇవి చాలవన్నట్టు రెండు గంటలకోసారి వచ్చి ఒత్తిడి పదికి ఎంత ఉందని అడిగేవాడు. పొద్దున మూడు అని చెప్పిన టైలరమ్మ, ఆ ప్రశ్న వినీ వినీ సాయంత్రానికి తొమ్మిది చెప్పేది. ఆయన ఆ తొమ్మిదికి గ్రాఫు గీసి, మర్నాటికి ఇంకో వ్యాయామం కలిపేవాడు.

అత్తగారు టైలరమ్మకంటే తెలివైనది. మొదటి వారంలోనే చెవి మిషను తీసి డబ్బాలో పెట్టేసింది. టైలరమ్మకు ఆ సదుపాయం లేదు. బతిమాలి చూసింది, వాదించి చూసింది. నిద్ర రాత్రి పదింటికి చార్టులో ఉంది కదా అన్నాడు ఆయన. పదింటికి పడుకుని ఐదింటికి లేచేవాళ్ళు మాస్కులు ఎప్పుడు కుడతారో చార్టులో లేదు.

ఆ రోజు దారపు ఉండల కోసం అటక మీద వెతుకుతుంటే భర్త ఫ్యాక్టరీ సంచి చేతికి తగిలింది. అందులో అరచేయంత ఎర్ర ట్యాగు, తీగతో సహా ఉంది. దాని సంగతి ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. మిషను బాగుచేయడానికి లోపలికి చెయ్యి పెట్టేవాడు ముందు దాని స్విచ్చికి ఈ ట్యాగు తగిలిస్తాడు. ఆ తర్వాత మేనేజరు దిగివచ్చినా దాన్ని తీయడానికి వీల్లేదు. తగిలించినవాడే తీయాలి. ఒకప్పుడు ఎవడో తొందరపడి తీసినందుకే ఆయన ఎడమచేతి ఉంగరపు వేలికి పై కణుపు లేదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆ వేలు చూపించే ఆయన పాఠం మొదలుపెడతాడు.

టైలరమ్మ ఆ ట్యాగును అటూ ఇటూ తిప్పి చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో భర్త సంచిలోంచి తనకు పనికొచ్చే వస్తువు దొరకడం అదే మొదటిసారి. సరిగ్గా రెండింటికి దాన్ని పడకగది తలుపు గొళ్ళేనికి బయటివైపు తగిలించి, తేదీ, సమయం వేసి, సంతకం పెట్టి, తలుపు మూసుకుని, చెవుల్లో దూది కుక్కుకుని పడుకుంది.

రెండున్నరకు ఈల మోగింది. నవ్వడానికి ఎవరూ రాలేదు. సూపర్‌వైజరు తలుపు మీద చెయ్యి వేయబోయి ట్యాగు చూశాడు. ప్రమాదం, ముట్టరాదు, తగిలించినవారే తీయాలి. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. తట్టడం కూడా ముట్టుకోవడం కిందికే వస్తుంది. కుడితిలో పడ్డ ఎలుకలా హాల్లో నాలుగుసార్లు తిరిగాడు. ఈవిడ ఏనాడూ పగలు పడుకుని ఎరగదు. ఒంట్లో బాగా లేదేమో. ఆయన షిఫ్టువాళ్ళు ముగ్గురు అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్ళకోసం ఆయన చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగిందంతా ఇంట్లోవాళ్ళకు చేస్తున్నాడు.

పడకగదికి వరండా వైపు ఓ కిటికీ ఉంది. మాస్కు పెట్టుకుని బయటికి వెళ్ళి, కిటికీ రెక్క దగ్గర నోరు పెట్టి, ఊపిరి బాగానే ఆడుతోందా అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. అప్పుడే అపార్టుమెంటు సంఘం సెక్రటరీ గారు మెట్లు దిగుతున్నారు. ఆ భవనంలో ఎవరు తుమ్మినా ఎన్నో తుమ్మో చెప్పగల మనిషి.

"బయట నిలబడ్డారేం?" అన్నారాయన.

"మా ఆవిడ లోపలుంది. నేను తలుపు ముట్టుకోకూడదు. ఎర్ర ట్యాగు వేసి ఉంది."

"ఎప్పటినుంచి?"

"రెండింటినుంచి. సంతకం కూడా ఉందండి."

సెక్రటరీ గారు దిగిన మెట్లలో మూడు వెనక్కి ఎక్కారు.

చిలికి చిలికి గాలివాన కావడానికి పావుగంట పట్టింది. వీళ్ళుండే మూడో అంతస్తులో ఒకరికి వచ్చిందని భవనం గ్రూపులో మొదటి కబురు. తర్వాత ఇద్దరికి. ఆ తర్వాత అధికారులు వచ్చి ట్యాగు వేసి వెళ్ళారని, అది చూసినవాళ్ళు కూడా ఉన్నారని. లిఫ్టు ఆపేశారు. వాచ్‌మన్ వచ్చి సూపర్‌వైజరు ఇంటి గుమ్మానికి అడ్డంగా పసుపు టేపు కట్టి, ఆయన్ని బయటే ఓ కుర్చీలో కూలేశాడు. ఆమె నిద్రపోతోందని ఈయన చెబితే, మొదట్లో అందరూ అలాగే అంటారని అన్నారు. మా అమ్మ కూడా లోపలే ఉందంటే, అయ్యో పెద్దావిడకు కూడానా అన్నారు. కింది అంతస్తు ఆవిడ, టైలరమ్మ కుట్టిచ్చిన ఆరు మాస్కులనూ కర్రతో పట్టుకుని పెరట్లో పారేసింది. సంగతేమీ వినిపించని అత్తగారు గుమ్మంలోకి వచ్చి, టేపును చూసి, కొడుక్కి ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చే ఆలోచన వచ్చిందనుకుని దానిమీద తువ్వాలు ఆరేసి వెళ్ళింది.

నాలుగింటికి ఆరోగ్యకేంద్రం నుంచి నర్సు వచ్చింది. తల నుంచి కాలిదాకా ప్లాస్టిక్ దుస్తులు. ముందు కుర్చీలో ఉన్న మనిషికి బీపీ చూసి, మళ్ళీ చూసింది. తర్వాత తువ్వాలు పక్కకు జరిపి లోపలికి నడిచింది. పడకగది గొళ్ళెం మీద చెయ్యి వేయబోతుంటే సూపర్‌వైజరు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి అడ్డంపడ్డాడు.

"ఆగండమ్మా, మీరు తీయకూడదు. తగిలించినవాళ్ళే తీయాలి."

"సరే, పిలవండి. ఎవరు తగిలించారు?"

"మా ఆవిడ."

గుమ్మం బయట మెడలు చాచిన పదిమందీ ఒక్కసారిగా సెక్రటరీ గారివైపు చూశారు. అంతలో తలుపు తెరుచుకుంది. టైలరమ్మ దూది తీసుకుంటూ బయటికి వచ్చి, గోడ గడియారం చూసి, ట్యాగు విప్పి, దాని వెనక నాలుగుంబావు అని రాసింది. కళ్ళు తేటగా ఉన్నాయి. రెండు నెలల్లో అలాంటి మొహం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

సెక్రటరీ గారికి ఒళ్ళు మండింది. భవనం మొత్తాన్ని హడలగొట్టారని, లిఫ్టు ఆగిందని, ఆవిడ గ్రూపులో క్షమాపణ రాయాల్సిందేనని అన్నారు. సూపర్‌వైజరు నేనే రాస్తానంటూ జేబులో పెన్ను తడుముకున్నాడు. టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అన్నయ్య గారూ, నేను నిద్రపోయాను. దానికి క్షమాపణ రాయను. రేపు కూడా పడుకుంటానని కావాలంటే రాసిస్తాను, అది నోటీసు బోర్డులో పెట్టుకోండి."

నర్సు ఆమె జ్వరం చూసింది, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజను చూసింది. పొద్దున్నుంచి తాను చూసినవాళ్ళలో సవ్యంగా ఉన్నది ఈవిడ ఒక్కతేనని అందరికీ వినపడేలా చెప్పింది. తర్వాత సూపర్‌వైజరువైపు తిరిగింది. గోడ మీది చార్టు కింది నుంచి పైదాకా చదివింది.

"మీ బీపీ నూట డెబ్బై దాటింది సార్. మీకు ఒత్తిడి పదికి ఎంత?"

నలభై రోజుల్లో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. రిజిస్టరులో ఆయన పేరుకు గడి కూడా లేదు.

"పదకొండు," అన్నాడు. తర్వాత మెల్లిగా, "ఆసుపత్రిలో ఉన్న ఆ ముగ్గురూ నా షిఫ్టువాళ్ళేనమ్మా," అన్నాడు.

టైలరమ్మకు అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఈ మనిషి నలభై రోజులుగా భయపడుతున్నాడు, దాన్ని ఈలగా ఊదుతున్నాడు. ఆయన మెడలోంచి ఈల తీసింది. దాన్ని చార్టు పక్కన మేకుకు వేలాడదీసి, ఎర్ర ట్యాగు తగిలించి, కొత్త తేదీ వేసి సంతకం పెట్టింది. ఆయన్ని తీసుకెళ్ళి తాను లేచిన మంచం మీదే పడుకోబెట్టింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి, మిగిలిన మాస్కుల ముందు కూర్చుంది.

ఆ ముగ్గురూ కోలుకుని పనిలోకి వచ్చారు. ఫ్యాక్టరీ తెరిచారు. సెక్రటరీ గారు ఓ సాయంత్రం చప్పుడు కాకుండా వచ్చి, అలాంటి ట్యాగు ఇంకొకటుంటే తమ ఇంటికి కావాలని పట్టుకెళ్ళారు. ఈల మాత్రం ఇంకా మేకుకే ఉంది. దాన్ని విడిపించమని అడుగుదామని సూపర్‌వైజరు ప్రతి సెలవు మధ్యాహ్నమూ పడకగది దాకా వెళుతూనే ఉన్నాడు, కానీ తగిలించినవారు ఆ సమయంలో నిద్రలో ఉంటారు.