పొడి లేని కుప్పె

మధ్యాహ్నానికల్లా ప్రయోగం చూపించేసి, ఇంటికెళ్ళి భోంచేసి, ఓ కునుకు తీద్దామని పొద్దున్నే అనుకుంది బొగ్గు మేడమ్. అది ప్రయోగశాలలో వాళ్ళు పెట్టిన ముద్దుపేరు. కర్బనంలో కాస్త నత్రజని చేర్చి ఆవిడ ఒక నల్లపొడి తయారుచేసింది. పేరుకి ఉత్ప్రేరకం, చేసేది పెళ్ళిళ్ళ పేరయ్య ఉద్యోగం. గాజు కుప్పెలోని ద్రవానికీ గాలికీ ముడిపెట్టి, తాను మాత్రం చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. ఆ పనికి లోకమంతా ఖరీదైన లోహాలు వాడుతుంది. ఈవిడ పొడిలో లోహం రవ్వంతైనా లేదు.

"ఎక్కడో ఇనుప రజను దూరి ఉంటుందమ్మా. లేకపోతే ఉత్త బొగ్గు ఎలా పనిచేస్తుంది?" అన్నాడు తనిఖీకొచ్చిన పెద్దాయన, గుమ్మంలోనే. ఆయన ఊఁ అంటే ఆ ప్రయోగశాల గది మేడమ్‌కి ఉంటుంది. ఉహుఁ అంటే సామాను సర్దుకోవాల్సిందే.

మేడమ్‌కి రోషం పొడుచుకొచ్చింది. "అయితే లోహమనేది గుమ్మం దాటకూడదండీ!" అని బయట ప్లాస్టిక్ బకెట్ పెట్టించింది. తాళాలు, గడియారాలు, చెంచాలు, పెద్దాయన కళ్ళజోడు అందులో పడ్డాయి. వేడి పోకుండా కుప్పెలకి చుట్టే అల్యూమినియం కాగితం కూడా పడింది. అది లేక కుప్పెలు చల్లారడం మొదలుపెట్టాయి. మేడమ్ ఇంటికి ఫోన్ చేసింది.

"ఏవండీ, పిల్లల ఉన్ని మేజోళ్ళు పట్టుకుని పరుగెత్తుకురండి!"

"కాళ్ళు చల్లబడ్డాయా?"

"నాక్కాదు, కుప్పెలకి!"

మరో ప్రశ్న వేస్తే మొగుడెలా అవుతాడు? వచ్చేశాడు. బెల్టు బకెట్‌కి సమర్పించి, ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో మేజోళ్ళు పట్టుకుని లోపలికొచ్చాడు. ఉన్నవి రెండు కుప్పెలు. ఒకదాంట్లో పొడి వేశారు, రెండోదాంట్లో కావాలనే వెయ్యలేదు. పొడి లేనిచోట పని జరక్కపోతేనే పొడి గొప్పతనం తేలుతుంది. ఈ ముక్క ఆయనకెవరూ చెప్పలేదు. "తొడిగి ఉంచండి" అని, మేడమ్ పెద్దాయన్ని కాఫీకి తీసుకెళ్ళింది.

కాఫీ, కబుర్లు అయ్యాక వచ్చి మూతలు తీశారు. పని జరిగితే బాదం వాసన రావాలి. మొదటి కుప్పె గుప్పుమంది. రెండోదీ గుప్పుమంది.

మేడమ్ రెండో కుప్పెకి ముక్కు ఆనించి మళ్ళీ వాసన చూసింది.

"చూశావామ్మా! పొడి లేకుండానే జరిగింది. గదిలో ఎక్కడో లోహం ఉంది" అని పెద్దాయన వేట మొదలెట్టాడు. కుర్చీల మేకులు చూశాడు. మేడమ్ జడపిన్నులు తీయించాడు. చివరికి ఆయన చూపు మొగుడుగారి ప్యాంటు జిప్పు మీద ఆగింది.

"అదొక్కటీ అడక్కండి సార్!" అని ఆయన గోడకి అతుక్కుపోయాడు.

మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గది పోయినట్టే. అది చూసి భర్తకి ఏమీ అర్థం కాలేదు.

"రెండూ పనిచేస్తే ఏడుస్తావేమిటోయ్? ఒకదాంట్లో పొడి వెయ్యడం నువ్వు మర్చిపోతే నేనే వేశాను. ఒకరికి వడ్డించి పక్కవాళ్ళని పస్తు పెడతామా?"

"నా కొంప ముంచారు కదండీ!" అని మేడమ్ నెత్తి కొట్టుకుంది.

పెద్దాయన మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "దేంతో వేశారు? స్టీలు చెంచాతోనా?"

"చెంచాలన్నీ బకెట్లో ఉన్నాయిగా! కాగితం మడిచి వేశాను."

"ఏ పొడి?"

"కొత్తది ముట్టుకుంటే తిడుతుందని, కిటికీ దగ్గర ఆరేసిన పాతది వేశానండీ."

అది అంతకుముందు ప్రయోగంలో వాడేసి, కడిగి ఆరబెట్టిన పొడి. పెద్దాయన పకపకా నవ్వాడు. "వాడిన పొడి మళ్ళీ పనిచేస్తుందా అన్నదే నా రెండో ప్రశ్న! అడక్కముందే మీ ఆయన జవాబిచ్చేశాడమ్మా."

రెండో కుప్పెను కడిగి కొత్త ద్రవం పోసి, ఈసారి నిజంగా పొడి లేకుండా సాయంత్రం దాకా వేడిచేసి, ముగ్గురూ కాపలా కూర్చున్నారు. బాదం వాసన జాడ లేదు. పెద్దాయన "ఊఁ" అన్నాడు. మేడమ్‌కి ప్రాణం లేచొచ్చింది. పట్టరాని సంతోషంతో, అందరి ముందే మొగుడి చెయ్యి పట్టుకుంది. ప్యాంటు పట్టుకున్న చెయ్యి కాబట్టి ఆయన వెంటనే విడిపించుకున్నాడు.

మర్నాటికి తలుపు మీద, మేకు లేకుండా జిగురుతో అంటించిన బోర్డు వెలిసింది: "లోహాలకూ, భర్తలకూ ప్రవేశం లేదు."