గాలి పట్టిన తలుపు

తమ్ముడితో కలిసి హోటలు నడిపే అక్క ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొయ్యిల మీది చిమ్నీకి కొత్త ఫిల్టర్లు బిగించాలి, పన్నెండింటికి భోజనాలు మొదలుపెట్టాలి, ఒంటిగంటకు వచ్చే ఇన్‌స్పెక్టరుకు పొగలేని వంటగది చూపించాలి. కిందటిసారి ఆయన రెండు తప్పులు రాసుకుపోయాడు. మేడమీద దర్జీ కుట్టిన బట్టలన్నీ పోపు వాసన కొడుతున్నాయి, వంటగది కిటికీలోంచి ఈగలు వస్తున్నాయి. ఈలోగా సరిచేసుకోకపోతే హోటలుకు తాళమే.

పాత ఫిల్టర్లలో జిడ్డు గడ్డకట్టి గాలి దూరే సందు లేదు. అవి మారిస్తే ఉన్న ఫ్యానే చాలునని, కొలతలు కాగితం మీద రాసిచ్చి మరీ తమ్ముణ్ణి పంపింది. తమ్ముడు ఫిల్టర్లు తెచ్చాడు. వాటితోపాటు నాలుగొందల మందికి వండే వంటశాలల్లో పెట్టే ఫ్యానొకటి కూడా తెచ్చాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని అక్క అడిగింది.

"గొడ్డలుంటే గోరు అరగదు కదక్కా" అన్నాడు తమ్ముడు.

మెకానిక్కు పదకొండింటికల్లా ఫిల్టర్లూ ఫ్యానూ బిగించి, బయటికి పోయే గాలికి బదులు లోపలికి వచ్చే గాలికీ దారుండాలని ఏదో చెప్పబోయాడు. తమ్ముడు అతనికి టీ ఇచ్చి పంపేసి, ఈగల బెడద వదిలిపోవాలని కిటికీ మూసి గడియ పెట్టాడు. స్విచ్ వేయగానే పొగ మారుమాట లేకుండా పైకి వెళ్లిపోయింది. హాల్లో బల్లల మీది కాగితపు రుమాళ్లు కూడా దాని వెంట వంటగదికి బయల్దేరాయి.

పన్నెండయింది. ఒక్కరూ లోపలికి రాలేదు. రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తా అద్దాల తలుపు పిడి పట్టుకుని లాగాడు, మళ్లీ లాగాడు, గడియారం చూసుకుని అక్కడే నిలబడ్డాడు. అక్క లోపలినుంచి తోసి చూసింది. తలుపు కదల్లేదు. తమ్ముడు బందులకు నూనె రాశాడు, భుజం ఆనించాడు, చివరికి తలుపుకు నచ్చజెప్పబోయాడు. కాస్త ఆగమన్నట్టు అక్క అరచెయ్యి చూపించింది. ఆ అయిదు వేళ్లు చూసి, ఇంకా వంట కాలేదు, అయిదు నిమిషాలు పడుతుందని గుమాస్తా తన వెనక నిలబడ్డవాళ్లకు వివరించాడు.

అలా వరస మొదలైంది. ఇంతమంది నిలబడ్డారంటే ఊరికే నిలబడరని దారిన పోయేవాళ్లూ చేరారు. ఒంటిగంటకు అది వీధి మలుపు దాటింది. అప్పుడే వచ్చిన ఇన్‌స్పెక్టరు, తాను ఆఫీసు పని మీద వచ్చానని చెప్పి ముందుకు వెళ్లబోయాడు.

"అందరం ఏదో ఒక ఆఫీసువాళ్లమే బాబూ, వెనక్కి రా" అంది వరసలో ఉన్న ఓ పెద్దావిడ.

లోపల అన్నం చల్లారుతోంది. తాళం పడకుండానే మూతపడ్డామని తమ్ముడు తలపట్టుకుని కూర్చున్నాడు. అక్కకు ఏడుపొక్కటే తక్కువ. కిందికి వచ్చి తలుపు సంగతి చూడమని మేడమీది దర్జీని కేకేద్దామని వంటగదిలోకి వెళ్లి కిటికీ గడియ తీసింది. రెక్కలు రెండూ ఫెడీమని లోపలికి తెరుచుకున్నాయి, గాలి ఆమెను నెట్టుకుంటూ దూసుకొచ్చింది. అదే క్షణంలో వీధి తలుపు తెరుచుకుంది. పిడి వదలకుండా లాగుతున్న గుమాస్తా మెట్టు మీద కూలబడ్డాడు.

"కిటికీ మూసేసరికి నీ ఫ్యానుకు ఊపిరాడక తలుపును లోపలికి లాక్కుని పట్టుకుందిరా" అంది అక్క నెమ్మదిగా.

తిట్టడానికి తీరిక చిక్కలేదు. తమ్ముడు కిటికీకి ఈగలు దూరకుండా జాలీ కొట్టి వచ్చి వడ్డనలో పడ్డాడు. హోటలు తెరిచాక ఎన్నడూ అంతమంది తినలేదు. మూడింటికి ఇన్‌స్పెక్టరు వంతు వచ్చేసరికి ఆయన నీరసించిపోయి, ముందు భోజనం పెట్టమన్నాడు. మారు వడ్డించుకుని గిన్నెలు ఖాళీ చేసిన చివరి మనిషి ఆయనే.

తిని లేచి వంటగదిలోకి వెళితే పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి, పొగ లేదు. తినడానికి మెతుకు లేదు కనుక ఈగలూ లేవు. అంతా సంతృప్తికరం అని రాసి సంతకం పెట్టాడు. సూచనల గడిలో మాత్రం ఒక్క వాక్యం చేర్చాడు: జనం రద్దీ దృష్ట్యా ఇంతకన్నా పెద్ద ఫ్యాను అమర్చుకోవలెను.